ఐక్యతకు ప్రాణమిచ్చిన అధ్యక్షుడు
బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి జీవితము

శతవార్షికోత్సవమంటే గడచిన నూరేండ్లను తలచుకొని దేవునికి స్తుతులు చెల్లించే సమయము. అదే సమయములో మనలను మనము పరీక్షించుకోవలసిన సమయము కూడా. మన పెద్దలు దేవాలయాలు కట్టారు, పాఠశాలలు నడిపారు, ఎండలో వానలో ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. ఇవన్నీ మన సంచికలలో వ్రాసుకొంటూనే ఉన్నాము. అయితే వారు చేసిన పనులలో అన్నిటికంటె కష్టమైనది ఒకటున్నది. వేర్వేరు సంఘములుగా, వేర్వేరు అలవాట్లతో, వేర్వేరు పేర్లతో బ్రతుకుతున్న విశ్వాసులను ఒకే సంఘముగా చేయడమే ఆ పని.

రెండు సంఘములు ఒకటి కావాలన్నప్పుడు వచ్చే ప్రశ్నలు సేవకులందరికీ తెలిసినవే. ఎవరి ఆరాధన క్రమము నిలుస్తుంది? ఎవరి దేవాలయములో కూడుకోవాలి? ఎవరి పెద్దలు ముందు వరుసలో కూర్చుంటారు? సమాధుల తోట ఎవరిది? మన తాతలు చందాలు వేసుకొని కట్టిన గుడి పేరు ఏమవుతుంది? ఈ ప్రశ్నలను చిన్నవని కొట్టిపారేయకూడదు. వాటి వెనుక ప్రేమ ఉన్నది, భయము ఉన్నది, ఒక్కొక్కప్పుడు గర్వము కూడా ఉన్నది. ఈ మూడింటినీ ఎరిగి, ఓపికతో వాటి మధ్య నడిచిన ఒక మహానుభావుని జీవితమును ఇక్కడ క్లుప్తముగా చెప్పుకొందాము.

బాల్యము, విద్య

అజరయ్య గారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై అనే చిన్న గ్రామములో జన్మించారు. తండ్రి తోమా వేదనాయకం గారు ఆ గ్రామములో గురువు. తల్లి ఎలెన్ గారు భక్తిగల స్త్రీ. చాలా కాలము ఎదురుచూచిన తరువాత పుట్టిన కుమారుడు గనుక హన్నాను తలచుకొని శామ్యూలు అని పేరు పెట్టారు. తండ్రి 1889లో మరణించారు. అటు తరువాత తల్లి ప్రార్థన, తల్లి క్రమశిక్షణ ఆ బాలుని తీర్చిదిద్దాయి.

వారిది నాడారు కుటుంబము. తాటిచెట్లను నమ్ముకొని బ్రతికిన ఆ కులమువారు ఆ రోజులలో అనేక అవమానాలు పడ్డారు. సంఘములోపల కూడా కులము తలయెత్తి తిరుగుతుండేది. ఒకే దేవుని ఆరాధిస్తూ వేరువేరుగా కూర్చుండడము, కలిసి భోజనము చేయకపోవడము ఆయన చిన్ననాడే చూచారు. విద్యార్థిగా ఉన్నప్పుడే కులభేదాలను పోగొట్టే సహోదర సంఘమొకటి ఏర్పరచడములో ఆయన పాలుపంచుకొన్నారు. తరువాత చేసిన పనికంతటికీ విత్తనము అక్కడే పడినదని చెప్పవచ్చు.

తిరునెల్వేలిలో చదువు ముగించి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. చివరి పరీక్ష సమయానికి జబ్బుపడి గణిత పరీక్ష వ్రాయలేకపోయారు. పట్టా చేతికి రాలేదు. ఆయన దానిని గురించి దిగులుపడి కూర్చోలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా సేవలో ప్రవేశించి, 1909 వరకు దక్షిణ భారతమంతటా తిరిగి యువకుల మధ్య పని చేశారు. ఆ కాలములోనే అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీ గారితో స్నేహము కుదిరింది. ఒకరు ధనిక దేశమునుండి వచ్చినవారు, మరొకరు పల్లెటూరి గురువు కుమారుడు. అయినా వారు అన్నదమ్ములవలె కలిసి ప్రయాణము చేశారు, కలిసి ప్రార్థించారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహము చేసికొన్నారు. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటి తరమువారిలో ఆమె ఒకరు. భర్త పరిచర్యలో చివరివరకు ఆమె తోడుగా నిలిచారు.

మన చేతులతో మన సువార్త

1902లో అజరయ్య గారు సింహళములోని యాళ్పాణము వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తామే చందాలు వేసుకొని ఇతర ప్రాంతాలకు సువార్తికులను పంపుతున్నారని చూచి ఆశ్చర్యపడ్డారు. తిరునెల్వేలిలో అంతకంటె ఎక్కువమంది క్రైస్తవులు ఉన్నారు. అయినా మిషనెరీలను పంపడము తెల్లదొరల పని అనుకొని ఊరుకొన్నారు. ఈ ఆలోచన ఆయనను నిద్రపోనివ్వలేదు. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టలో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ పుట్టింది. 1905 డిసెంబరు 25న సేరంపూరులో, విలియం కేరీ గారి పేరుగల గ్రంథాలయములో, నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపింపబడింది. భారతీయ మనుష్యులు, భారతీయ ధనము, భారతీయ నిర్వహణ అనేవే దానికి మూడు కాళ్ళు. ఈ రెండింటి స్థాపనలోను అజరయ్య గారిది ముఖ్యమైన పాత్ర.

ఇండియన్ మిషనెరీ సొసైటీ తన పనికి ఎన్నుకొన్న స్థలము నిజాము రాజ్యములోని డోర్నకల్. ఇది నేటి తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉన్న రైల్వే జంక్షను. తమిళ సంఘము పంపిన తొలి సువార్తికులు భాష తెలియని ఆ చోటికి వచ్చి శ్రమపడుతున్నారు. ఇతరులను పొమ్మని తాను మద్రాసులో ఉండిపోవడము ధర్మము కాదని అజరయ్య గారికి తోచింది. మంచి పేరు, సుఖమైన ఉద్యోగము వదలుకొని 1909లో గురు అభిషేకము పొంది డోర్నకల్ చేరారు. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు.

ఇక్కడ మనము కొంచెము ఆగి ఆలోచించాలి. ఇతరులను మారుమని చెప్పేవారు లోకములో చాలామంది ఉన్నారు. అజరయ్య గారు ముందు తానే మారారు. ఊరు మార్చుకొన్నారు. ఉద్యోగము మార్చుకొన్నారు. ముప్పది అయిదేండ్ల వయస్సులో చిన్న పిల్లవానివలె అ, ఆ లు దిద్ది తెలుగు నేర్చుకొన్నారు. మొదట డేరాలో కాపురముండి, ఎడ్ల బండిమీద పల్లెలు తిరిగారు. తన సొంత అలవాట్లను వదలుకొన్న మనిషి నోట ఐక్యత అనే మాట వచ్చినప్పుడు దానికి బరువు ఉంటుంది.

ఎడింబరో సభ, అధ్యక్ష పదవి

1910లో స్కాట్లండు దేశములోని ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగింది. పడమటి దేశాలనుండి వచ్చిన వందలాది ప్రతినిధుల ఎదుట అజరయ్య గారు నిలిచి, మిషనెరీలకు, భారతీయ సేవకులకు మధ్య ఉన్న దూరమును గురించి నిర్భయముగా మాట్లాడారు. మిషనెరీల త్యాగమును ఆయన కాదనలేదు. వారు ఇచ్చిన దానము, చేసిన శ్రమ అన్నీ లెక్కపెట్టి చెప్పారు. అయినా సమానులమధ్య ఉండవలసిన స్నేహము లేదని, దానినే తాము కోరుతున్నామని స్పష్టము చేశారు. సభలో కొందరు నొచ్చుకొన్నారు, కొందరు తలలు వంచుకొన్నారు. నేటికీ ఆ సభ పేరెత్తితే అందరికీ ముందుగా గుర్తుకు వచ్చేది ఆ ప్రసంగమే.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు ఒక భారతీయుని అధ్యక్షునిగా చేయాలని పట్టుబట్టారు. భారతీయులు ఇంకా అంతటి బాధ్యతకు తయారు కాలేదని కొందరు మిషనెరీలు అడ్డుపడ్డారు. మన దేశస్థులలోను, ఆయన సొంత తిరునెల్వేలిలోను, ఆయన కులమును చూచి గొణిగినవారున్నారు. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కేథడ్రలులో అజరయ్య గారు బిషప్పుగా అభిషేకింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. అంతకంటె గమనింపదగినది మరొకటున్నది. అప్పటినుండి 1945లో మరణించేవరకు, ముప్పది రెండేండ్లపాటు, ఒక అధ్యక్ష ఖండమును ఏలిన భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన ఒక్కరే. ఆయన తప్పటడుగు వేస్తే జాతికంతటికీ తలుపు మూసుకొనేది. ఆ భారము మోస్తూనే ఆయన పని చేశారు.

పల్లెలో ఐక్యత

మొదట డోర్నకల్ అధ్యక్ష ఖండము చాలా చిన్నది. 1920 తరువాత కృష్ణా ప్రాంతములోని చర్చి మిషనెరీ సొసైటీ సంఘములు, నంద్యాల వైపు ఎస్.పి.జి. సంఘములు దానిలో చేరాయి. ఒకే ఆంగ్లికన్ కుటుంబమైనా ఆ రెండు మిషనుల పద్ధతులు వేరు, ఆరాధనలో అలవాట్లు వేరు. వాటిని ఒక త్రాటిమీదికి తేవడము ఆయనకు ఐక్యతలో తొలి పాఠము. ఆయన మరణించే నాటికి ఆ ఖండములోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఆ వచ్చినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరికి బయట రెండు పేటలు, రెండు బావులు. ఒక పేటవారు క్రీస్తును నమ్మితే రెండవ పేటవారు వెనుకాడేవారు. ఇద్దరూ నమ్మినప్పుడు ఒకే పాత్రలోని ప్రభు సంస్కారము తీసికోవడము దగ్గర చిక్కు వచ్చేది. తరువాత 1930 ప్రాంతములో రెడ్లు, కమ్మవారు మొదలైన కులాలనుండి కూడా కొందరు విశ్వసించారు. వారికి వేరే సంఘము, వేరే గుడి ఏర్పాటు చేస్తే ఇంకా ఎక్కువమంది వస్తారని సలహా ఇచ్చేవారు లేకపోలేదు. అజరయ్య గారు ఆ దారి త్రొక్కలేదు. బల్ల ఒక్కటే, రొట్టె ఒక్కటే అని ఆయన పట్టుదల. ఈ విషయములో ఆయన విజయము సంపూర్ణమని చెప్పడము సత్యము కాదు. కులము నేటికీ మన సంఘములలో పెళ్ళి సంబంధాల దగ్గర, ఎన్నికల దగ్గర తల దూరుస్తూనే ఉన్నది. కాని సంఘము దేనిని ఒప్పుకోకూడదో ఆయన గీత గీసి చూపించారు.

బాప్తిస్మము పొందేవారు తమ చేతిని తలమీద ఉంచుకొని, సువార్తను ఇతరులకు చెప్పడము తమ బాధ్యత అని ఒప్పుకొనే ఆచారము ఆయన ప్రవేశపెట్టారు. నిన్న బాప్తిస్మము పొందిన కూలివాడు నేడు సాక్షి. మురికి, జబ్బు, అప్పు, త్రాగుడు అనే నాలుగు దయ్యములను వెళ్ళగొట్టాలని పల్లె పల్లెలో బోధించారు. ఇవ్వడము నేర్చుకోని సంఘము తన కాళ్ళమీద నిలువలేదని చెప్పి, క్రైస్తవ దానమును గురించి ఒక గ్రంథమే వ్రాశారు. పంట పండుగలలో ధాన్యము, కోళ్ళు, కూరగాయలు బలిపీఠము దగ్గరకు వచ్చేవి. తెలుగు కీర్తనలు, తాళాలు ఆరాధనలో వినిపించేవి.

ఆయన మనస్సును రాతిలో చూడదలచినవారు డోర్నకల్‌లోని ఎపిఫనీ కేథడ్రలును చూడాలి. అది 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. దేవాలయ మంటపములవంటి స్తంభములు, మసీదులవంటి గుమ్మటములు, మినారులు కలిసి, వాటన్నిటిమీద సిలువ నిలిచింది. కట్టడానికి చాలా ఏండ్లు పట్టింది. డబ్బు చాలక పని నిలిచిపోయిన రోజులున్నాయి. అయినా విదేశీ గుడికి నకలుగా గాక, ఈ నేలమీద పుట్టినట్లుగా ఉండాలని ఆయన కోరిక.

తరంగంబాడినుండి

ఇక ఆయన జీవితములోని పెద్ద పని. పంతొమ్మిదవ శతాబ్దములో మిషనులు తమలో తాము ఒప్పందము చేసికొని తెలుగు దేశమును పంచుకొన్నాయి. మచిలీపట్నములో 1841నుండి చర్చి మిషనెరీ సొసైటీ, కడప, గుత్తి ప్రాంతములలో లండన్ మిషను, నెల్లూరు, ఒంగోలులలో బాప్టిస్టులు, గుంటూరు, రాజమండ్రిలలో లూథరన్లు, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పని చేశారు. పోట్లాట లేకుండా పని సాగడానికి అది మంచి ఏర్పాటే. కాని దాని ఫలితము ఏమిటి? ఏ ఊరిలో పుట్టాడనే దానినిబట్టి ఒకడు మెథడిస్టు అయ్యాడు, మరొకడు ఆంగ్లికన్ అయ్యాడు. ఇంగ్లండు దేశములో ఎప్పుడో జరిగిన తగవులు, ఆ తగవుల సంగతే తెలియని తెలుగు రైతు కూలీకి ఆస్తిగా వచ్చాయి. అతడు పనికోసము వేరే ఊరు పోతే అక్కడి సంఘములో పరాయివాడయ్యాడు.

1908లోనే ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వారు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘముగా ఏర్పడ్డారు. బిషప్పులు గల ఆంగ్లికన్లకు, బిషప్పులు లేని వీరికి మధ్య మాత్రము గోడ అలాగే ఉన్నది. 1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో 33 మంది సమకూడారు. 1706లో జీగెన్‌బాల్గ్ గారు ఓడ దిగిన స్థలమది. వచ్చినవారు దాదాపు అందరూ భారతీయులే. అజరయ్య గారు, ఎడ్డీ గారు అందులో ముఖ్యులు. పరిశుద్ధ గ్రంథము, ప్రాచీన విశ్వాస ప్రమాణములు, రెండు సంస్కారములు, చరిత్రలో వచ్చిన అధ్యక్ష పరిచర్య అనే నాలుగింటిమీద, విశ్వాసులందరి సమానత్వము ఆధారముగా, ఒకే సంఘముగా కావాలని వారు ప్రకటన చేశారు.

ప్రకటన వ్రాయడానికి రెండు రోజులు పట్టింది. దానిని నెరవేర్చడానికి 28 ఏండ్లు పట్టింది. 1920లో ఉమ్మడి కమిటీ పని మొదలుపెట్టింది. 1925లో మెథడిస్టులు చేరారు. 1929లో ఐక్యతా ప్రణాళిక మొదటిసారి అచ్చయింది. తరువాత దానిని ఎన్నోసార్లు దిద్దారు. అందరికంటె పెద్ద చిక్కు గురువుల విషయములో వచ్చింది. బిషప్పు చేతులు తలమీద లేని గురువు గురువేనా అని ఒక పక్షము. మళ్ళీ అభిషేకము పొందమంటే ఇన్నాళ్ళ మా పరిచర్య అబద్ధమా అని రెండవ పక్షము. చివరకు కుదిరిన మార్గమిది. కలిసే నాటికి ఉన్న గురువులందరినీ ఎవరినీ తక్కువ చేయకుండా అంగీకరించాలి. ఆ తరువాత అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగా జరగాలి. క్రొత్త తరము వచ్చేవరకు రెండు విధములవారు ప్రక్క ప్రక్కన సేవ చేయాలి. ఒకరిని ఓడించి మరొకరిని గెలిపించే ఏర్పాటు కాదది. అందరూ ఏదో ఒకటి విడిచిపెట్టి, అందరూ ఏదో ఒకటి పొందే ఏర్పాటు.

1927లో లొసాను మహాసభలో అజరయ్య గారు పడమటి సంఘములకు ఒక సంగతి చెప్పారు. వారి దేశములలో విభజన ఒక లోపముగా కనబడవచ్చును గాని, క్రైస్తవేతరుల మధ్య జీవించే చిన్న సంఘమునకు అది సువార్తకే అడ్డుబండ అని ఆయన వాదన. కులముచేత ముక్కలైన దేశములో, తానే ముక్కలైన సంఘము సమాధానమును ఎలా ప్రకటిస్తుంది? ఆయనకు ఐక్యత పరిపాలన సౌకర్యము కాదు, డబ్బు పొదుపు కాదు. అది సాక్ష్యము. శిష్యులు ఏకమై ఉండాలని యోహాను సువార్త 17వ అధ్యాయములో ప్రభువు చేసిన ప్రార్థనకు అది జవాబు.

చేరక ముందే పిలుపు

1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. అదే జనవరిలో ఆంగ్లికన్ సర్వసభ కూడి ఐక్యతా ప్రణాళికను అంగీకరించింది. పాతిక సంవత్సరములు దేనికోసము పాటుపడ్డారో అది కొన్ని దినముల తేడాతో ఆయన కంటికి కనబడలేదు. మోషే నెబో కొండమీద నిలిచినట్లయింది.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఆవిర్భవించింది. సుమారు పది లక్షలమంది విశ్వాసులు ఒక్కటయ్యారు. బిషప్పులు గల సంఘములు, లేని సంఘములు ఇలా కలిసి ఒకటి కావడము సంస్కరణోద్యమము తరువాత లోకములో అదే మొదటిసారి. మెదక్ మెథడిస్టు, రాయలసీమ లండన్ మిషను విశ్వాసి, డోర్నకల్ ఆంగ్లికన్ ఇక ఒకే సంఘమువారు.

అందరూ రాలేదు. బాప్టిస్టులు, లూథరన్లు తమ తమ సంఘములలోనే ఉన్నారు. అజరయ్య గారి అధ్యక్ష ఖండములోనే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు వేలమంది ఐక్య సంఘములో చేరక బయట నిలిచిపోయారు. వారి ప్రార్థన క్రమము, వారి గురు పరంపర పోతాయేమోనని వారి బాధ. ఆ చీలిక మానడానికి చాలా ఏండ్లు పట్టింది. దీనిని దాచిపెట్టి చరిత్ర వ్రాయకూడదు. పైన సభలలో తీర్మానము జరిగినంత మాత్రాన క్రింద పల్లెలో మనస్సులు కలియవని నంద్యాల చరిత్ర మనకు బోధిస్తున్నది.

మనకు పాఠము

ఈనాడు కూడా లోకములో అనేకచోట్ల, కతోలికులలోనేమి, ప్రొటెస్టంటులలోనేమి, సంఘములను కలపడము జరుగుతూనే ఉన్నది. గురువుల కొరత, ప్రజలు పట్టణాలకు వలసపోవడము, ఇలా కారణములు ఎన్నైనా ఉండవచ్చు. అటువంటి సమయములో అజరయ్య గారి జీవితము మూడు సంగతులు మన ముందు ఉంచుతున్నది.

మొదటిది, మార్పు కోరే నాయకుడు ముందు తాను మారాలి. తెలుగు నేర్చుకొన్న తమిళుడే తెలుగు సంఘములను కలపగలిగాడు.

రెండవది, కలిసివచ్చేవారిని అవమానింపకూడదు. చిన్న సంఘము పెద్ద సంఘములో చేరినప్పుడు దాని పరిచర్య, దాని జ్ఞాపకములు, దాని పెద్దల శ్రమ వ్యర్థము కాలేదని చేతలతో చూపాలి. గురువులందరినీ సమానముగా అంగీకరించిన ఆ మార్గములోని జ్ఞానము ఇదే.

మూడవది, ఓపిక కావాలి. ఇరువది ఎనిమిది ఏండ్లు కమిటీలలో కూర్చుని, ఒక్కొక్క మాటకు గంటలకొద్దీ వాదించి, మళ్ళీ కలిసి మోకాళ్ళూనిన మనుష్యులవల్ల ఐక్యత వచ్చింది. తొందరపడి గుమ్మానికి తాళము వేసినంత మాత్రాన రెండు సంఘములు ఒకటి కావు. ఒకరి ఇంట ఒకరు భోజనము చేయాలి. ఒకరి పెండ్లికి, ఒకరి భూస్థాపనకు మరొకరు నడచి వెళ్ళాలి. ఒకరి కీర్తనలు ఒకరు నేర్చుకోవాలి.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ శతవార్షిక సంవత్సరములో మన గుడుల గోడలకు సున్నము వేయించుకొందాము, మంచిదే. దానితోపాటు మన మధ్య నిలిచిన గోడలు ఏవో కూడా వెదకిచూద్దాము. అజరయ్య గారు మొదలుపెట్టిన పని ఒక మనిషి ఆయుష్షులో ముగిసేది కాదు. ఆయన ఫలము చూడకుండానే విత్తారు. మనము ఆయన విత్తినది కోసుకొంటున్నాము గనుక, రాబోయే నూరేండ్ల వారికోసము మనమూ విత్తుదుము గాక. అందుకు దేవుడు మనకందరికీ కృప దయచేయును గాక. ఆమేన్.